మెట్ట మండలాల వార్త, దూరపు పట్నాల చదువు

బళ్ళారిలో 1835లో వెలువడిన 'సత్యదూత'ను మొదటి తెలుగు పత్రికగా లెక్కిస్తే తెలుగు పత్రికారంగం వయసు రెండు వందల ఏళ్లకు చేరువవుతున్నది. కాని పత్రికా రచనను తరగతి గదిలో పాఠ్యప్రణాళిక ప్రకారం చదివి, పరీక్ష రాసి, పట్టా పుచ్చుకునే ఏర్పాటు తెలుగువారికి అందుబాటులోకి వచ్చింది 1947 తరవాతనే. పత్రిక పెరిగిన కొద్దీ పత్రికావిద్య కూడా దానితో పాటే పల్లెకు దగ్గరైందని సాధారణంగా అనుకుంటారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టను ఆనుకుని ఉన్న జలదంకి నుంచి చూస్తే మాత్రం ఈ రెండూ ఎదురెదురు దిశల్లో నడిచినట్టు కనిపిస్తుంది. మద్రాసులో అచ్చయి రైలు మీద వచ్చిన పత్రిక క్రమంగా తిరుపతికీ, నెల్లూరుకూ, చివరకు మండల కేంద్రానికీ దగ్గరవుతూ రాగా, ఆ పత్రికలో పనిచేయడం నేర్పే విశ్వవిద్యాలయ విభాగం రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడల్లా మరికాస్త ఎడంగా జరుగుతూ పోయింది.

జలదంకి పాలన రీత్యా కావలి రెవెన్యూ డివిజనులోనిది, శాసనసభ నియోజకవర్గం రీత్యా ఉదయగిరిది. తూర్పున మద్రాసు, బెజవాడల మధ్య రైలు మార్గం మీద కావలి ఉండగా, పడమట కలిగిరి, కొండాపురం, వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి దుర్గం దాకా వర్షాధారపు చేలూ, చెరువులూ, పొగాకు పొలాలూ పరచుకున్న ప్రాంతాన్ని జిల్లావాసులు మెట్ట అని వ్యవహరిస్తారు. పెన్న కింద సాగయ్యే డెల్టా గ్రామాలతో పోల్చితే ఇక్కడ నీళ్లే కాదు, కళాశాలలూ అచ్చుయంత్రాలూ కూడా తక్కువే. 1951లో దొడ్ల రామచంద్రారెడ్డి కావలిలో విశ్వోదయ సంస్థను స్థాపించి, తరవాతి కాలంలో జవహర్ భారతిగా పేరుపడిన కళాశాలను నెలకొల్పేదాకా కళాశాల చదువుకు ఈ పల్లెల పిల్లలు నెల్లూరుకో మద్రాసుకో పోవలసి వచ్చేది. ఆ కళాశాలలోనే విమర్శకుడు కె.వి.రమణారెడ్డి వంటివారు పాఠాలు చెప్పారు గనక సాహిత్యంతో, రాజకీయాలతో పరిచయం ఉన్న యువకులు ఈ వైపు నుంచి కూడా తయారయ్యారు. వారిలో పత్రికల వైపు మొగ్గినవారికి మాత్రం ఆ విద్య చెప్పే తరగతి దగ్గరలో లేదు.

విశ్వవిద్యాలయం రంగంలోకి రాకముందు పత్రికా కార్యాలయమే బడి. కొత్తగా చేరినవాడు ప్రూఫులు దిద్దుతూ, తంతి వార్తలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తూ, ఉపసంపాదకుడి చేతి రాతను చూసి చూసి పని పట్టుకునేవాడు. ఉపసంపాదకుడంటే వచ్చిన వార్తను కుదించి, భాష సవరించి, శీర్షిక పెట్టి అచ్చుకు సిద్ధం చేసే ఉద్యోగి. అలాంటివారు కూర్చునే బల్లనే ఈనాటికీ పత్రికలవారు డెస్కు అంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మార్చిన 'ఆంధ్రపత్రిక', టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసులోనే నడిపిన 'స్వరాజ్య', 1938లో రామనాథ్ గోయెంకా స్థాపించగా 1942 నుంచి 1959 దాకా నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో వెలిగిన 'ఆంధ్రప్రభ' ఈ అర్థంలో మూడు పెద్ద పాఠశాలలు. నెల్లూరు వాడైన ఖాసా సుబ్బారావు తయారైంది వీటిలో రెండో దానిలోనే. గాంధీ ఉద్యమంలోంచి వచ్చి, 'స్వరాజ్య'లో పని నేర్చి, ఆ తరవాత 1946లో 'స్వతంత్ర'నూ 1956లో 'స్వరాజ్య' పేరిటనే ఒక ఇంగ్లీషు వారపత్రికనూ నెలకొల్పిన ఆయనకు పత్రికారచనలో ఏ పట్టా లేదు. ఆ తరంలో ఎవరికీ లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

నెల్లూరులోనే అలాంటి బడి ఒకటి ఉండేది. వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనకు గొంతుగా 1930 ముందువెనకల నెల్లూరు వెంకట్రామానాయుడు మొదలుపెట్టిన వారపత్రిక తొలుత 'జమీందారీ రైతు' పేరుతో వచ్చి, 'జమీన్ రైతు'గా స్థిరపడింది. శిస్తు వసూళ్లు, అడవి హక్కులు, చెరువు నీటి తగాదాలు, తాలూకా కచేరీల లంచాలు దీనికి ముఖ్య వార్తలు. మద్రాసు దినపత్రికలకు అవి వార్తలే కావు. వారపత్రిక గనక తొందర తక్కువ, పల్లెల నుంచి ఉత్తరాల రూపంలో వచ్చిన సమాచారాన్ని నిజమో కాదో విచారించుకునే వ్యవధి ఎక్కువ. జిల్లా స్థాయి పత్రికా రచన అనేదానికి ఒక నమూనా ఈ పత్రిక పేజీల్లో ఏర్పడిందనీ, దానిని ఏ పాఠ్యగ్రంథమూ ఇంకా సరిగా లెక్కలోకి తీసుకోలేదనీ చెప్పడం అతిశయోక్తి కాదు.

'జమీన్ రైతు' డెస్కు నుంచి వచ్చిన ఒక వ్యక్తిని గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవలసి ఉంది. మినగల్లుకు చెందిన బండి గోపాలరెడ్డి, సాహిత్యలోకానికి బంగోరెగా తెలిసినవారు (1938-1982), ఆ పత్రికలో పనిచేస్తూనే 'కన్యాశుల్కం' నాటకపు తొలికూర్పును వెతికి పట్టి 'మొట్టమొదటి కన్యాశుల్కం' పేరుతో 1969లో ప్రచురించారు. తరవాత తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బ్రౌను పరిశోధన ప్రాజెక్టులో చేరి సి.పి.బ్రౌను లేఖలనూ, ఆనాటి రికార్డులనూ వెలికి తీశారు. పాత దస్త్రాల్లో తేదీ దగ్గర, సంతకం దగ్గర ఆగి అనుమానించే అలవాటు ఆయనకు విలేకరి పనిలో అబ్బిందేనని ఆ పుస్తకాల్లోని పాదసూచికలు చూస్తే తెలుస్తుంది. విశ్వవిద్యాలయం పత్రికలవారిని తయారు చేయాలన్న మాట అందరూ అంటారు. నెల్లూరు ఉదాహరణలో మాత్రం ఒక జిల్లా వారపత్రికే విశ్వవిద్యాలయానికి పరిశోధకుణ్ణి తయారు చేసి పంపింది.

పత్రికా రచనను ఉన్నత విద్యలో భాగం చేసే ప్రయత్నం ప్రపంచంలో మొదట నిలదొక్కుకున్నది అమెరికాలో. 1908లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలోనూ, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో 1912లో కొలంబియాలోనూ దీనికి ప్రత్యేక కళాశాలలు వెలిశాయి. భారతదేశంలో 1920లో అనీబిసెంటు అడయారులో చేసిన ప్రయత్నమూ, 1938లో అలీగఢ్‌లో జరిగిన ప్రయత్నమూ ఎక్కువ కాలం నిలవలేదు. 1941లో లాహోరులో పి.పి.సింగ్ పంజాబ్ విశ్వవిద్యాలయం కింద ప్రారంభించిన విభాగం దేశవిభజన దెబ్బకు ఢిల్లీకి తరలిపోయింది. దక్షిణాదిన నిలిచిన మొదటి అడుగు 1947లో మద్రాసు విశ్వవిద్యాలయానిది. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనిదే గనక, కావలిలో రైలెక్కితే నేరుగా చేరగల ఆ నగరంలోని డిప్లొమా తరగతి, కాగితం మీద చూస్తే జలదంకి పిల్లవాడికి దగ్గరదే. ఆ దగ్గరితనం ఆరేళ్లు నిలిచింది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరవాత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి మద్రాసు పరాయి రాష్ట్రపు రాజధాని కావడంతో, శ్రీరాములు పేరును తరవాత తన పేరులో చేర్చుకున్న నెల్లూరు జిల్లాకు, పత్రికావిద్య వరకు చూస్తే, రాష్ట్రసాధన ఒక తరగతి గదిని దూరం చేసింది.

మరుసటి ఏడాదే హైదరాబాదులో ఆ తరగతి మళ్లీ తెరుచుకుంది. 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగాన్ని ప్రారంభించింది డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్ ఆచార్యుడు. 1935లోనే అమెరికాలో పత్రికావిద్య చరిత్ర మీద గ్రంథం వెలువరించిన వ్యక్తి కాబట్టి ఆ విద్య ఎలా పుట్టిందో, ఎక్కడ తడబడిందో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. తెలంగాణను కలుపుకుని 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ విభాగమే తెలుగువారందరికీ పత్రికావిద్యా కేంద్రమయింది. వార్తా సేకరణ, సంపాదన, పత్రికా చట్టాలు, పత్రికల చరిత్ర ముఖ్యాంశాలుగా ఉండే ఆ చదువులో విద్యార్థులు తామే వార్తలు సేకరించి, దిద్ది, పుటలు కూర్చి అచ్చు వేసే అభ్యాస పత్రికకు లాబ్ జర్నల్ అని పేరు. ఉస్మానియాలో అది 'ఉస్మానియా కొరియర్' పేరుతో ఇంగ్లీషులో వచ్చేది. 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం పోలీసు చర్య తరవాత ఇంగ్లీషుకు మారింది గాని, రాష్ట్రంలో అత్యధికులు చదివే తెలుగు పత్రికల భాష జర్నలిజం తరగతిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. పట్టా తెచ్చుకున్నవాడు ఇంగ్లీషు పత్రికలకో, ప్రభుత్వ సమాచార శాఖకో, పెద్ద సంస్థల పౌరసంబంధాల విభాగాలకో పోవడం, తెలుగు పత్రిక డెస్కు మీద పట్టా లేనివాడే కూర్చోవడం తరవాతి మూడు దశాబ్దాల సాధారణ దృశ్యం. దీనికి విభాగాన్ని నిందించడం న్యాయం కాదు. పత్రికల యాజమాన్యాలు కూడా పట్టాను అడగలేదు.

ఇదే కాలంలో ఈ శాస్త్రం పేరూ పరిధీ మారాయి. రేడియో, సినిమా, టెలివిజన్, వాణిజ్య ప్రకటనలు, పౌరసంబంధాలు అన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చి, ఒక చోటి నుంచి అసంఖ్యాకులకు ఒకేసారి సందేశం చేర్చే ప్రక్రియ మొత్తాన్ని మాస్ కమ్యూనికేషన్ అనడం మొదలైంది; 1965లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ ఈ మార్పుకు గుర్తు. అందులో భాగంగా వచ్చినదే అభివృద్ధి ప్రసార సిద్ధాంతం. పేద దేశాల్లో వ్యవసాయం, ఆరోగ్యం, అక్షరాస్యత మెరుగుపడడానికి ప్రసార సాధనాలు ఎలా తోడ్పడతాయన్నది దీని ప్రశ్న కాగా, విల్బర్ ష్రామ్ 1964లో రాసిన గ్రంథం దానికి మూల పాఠమయింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందించిన సైట్ ప్రయోగం దానికి అతి పెద్ద ఆచరణ. తెలిసినవారు పైన ఉంటారు, తెలియనివారు కింద ఉంటారు, సందేశం పై నుంచి కిందికి ప్రవహిస్తుంది అన్నది ఈ ఆలోచన అంతటా పరచుకున్న ఊహ. ఆ ఊహకు గట్టి ఎదురుదెబ్బ తగిలినది జలదంకికి పొరుగు మండలంలోనే. కాని ఆ సంగతికి ముందు పత్రిక మండలానికి ఎలా వచ్చిందో చూడాలి.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన 'ఈనాడు' ఒకే పత్రికను అనేక పట్టణాల్లో అచ్చు వేసే పద్ధతిని తెలుగునాట విస్తృతం చేసి, 1982లో తిరుపతి నుంచి కూడా వెలువడింది. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను, సమితులను రద్దు చేసి మండలాలను ఏర్పరచినప్పుడు జలదంకి వంటి ఊళ్లు మండల కేంద్రాలయ్యాయి. కచేరీ, పోలీసు ఠాణా, మండల పరిషత్తు ఒక్క చోటికి చేరడంతో రోజూ వార్త పుట్టే స్థలం ఒకటి పల్లెలో తయారైంది. 1989లో అదే పత్రిక ప్రతి జిల్లాకూ చిన్న సైజులో విడిగా జిల్లా పత్రికను అచ్చు వేసి ప్రధాన పత్రికలో పెట్టి ఇవ్వడం ప్రారంభించగా, తక్కిన పత్రికలు అనుసరించక తప్పలేదు. ప్రతి రోజూ నింపవలసిన పుటలు పెరిగాయి గనక ప్రతి మండలానికీ ఒక విలేకరి అవసరమయ్యాడు. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ పత్రికా విప్లవం గురించి 2000లో వెలువరించిన గ్రంథంలో ఈ తెలుగు పద్ధతికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు.

మండల విలేకరి ఉద్యోగి కాడు. కంట్రిబ్యూటర్ అనీ, స్ట్రింగర్ అనీ పిలిచే ఈ మనిషికి నెల జీతం ఉండదు. అచ్చయిన మేరకు కాలమ్ కొలతను బట్టి ముట్టే కొద్ది పైకాన్ని లైనేజి అంటారు. బడిపంతులో, చిన్న దుకాణదారో, పొలం చేసుకునే పట్టభద్రుడో ఈ పనికి కుదిరేవాడు. మండలాఫీసులో సభ ముగిశాక, తెల్ల కాగితానికి ఒక వైపునే, వరుసకు వరుసకు మధ్య డెస్కువారు దిద్దడానికి చోటు విడిచి ఐటం రాయడం, దానిని కవరులో పెట్టి సాయంత్రం బస్సు కండక్టరు చేతికివ్వడం, పట్నంలో ఆ కవరును పత్రికాఫీసు మనిషి అందుకోవడం, మర్నాడు పేజీలో అది బాక్సు కట్టి వచ్చిందో, సింగిల్ కాలమ్‌కు కుదించుకుపోయిందో, అసలు రాలేదో చూసుకోవడం ఫాక్సు, సెల్‌ఫోను రాకముందు అతని దినచర్య. పై వరుసలో 'జలదంకి, న్యూస్‌టుడే' అని ఉంటుంది. రాసినవాడి పేరు ఉండదు. వార్త పుట్టిన ఊరినీ పంపిన ఏర్పాటునూ తెలిపే ఆ మొదటి మాటలను డేట్‌లైను అంటారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నల జవాబును మొదటి పేరాలోనే ఇచ్చి, ముఖ్యం కాని సంగతులను కిందికి నెట్టే తలకిందుల పిరమిడ్ పద్ధతిని విశ్వవిద్యాలయం ఒక పాఠంగా చెబుతుంది. చివరి పేరాలు డెస్కులో కత్తిరింపుకు గురవుతాయని నాలుగు సార్లు అనుభవమయ్యాక మండల విలేకరి దానిని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు.

డెస్కులో కూర్చునేవారికి మాత్రం శిక్షణ అవసరమని పత్రికలే ముందు గుర్తించాయి. 'ఈనాడు' సొంతంగా జర్నలిజం పాఠశాల పెట్టి, ప్రవేశ పరీక్షలో నెగ్గిన పట్టభద్రులకు భృతి ఇచ్చి, తెలుగులోనే బోధించి, తరవాత ఉద్యోగం ఇచ్చే పద్ధతిని అమలు చేసింది. తెలుగు అకాడమీలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త, వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ (1932-2006) ఆ పాఠశాలలో బోధించిన కాలంలో వాక్య నిర్మాణం మీద, జాతీయాల మీద, అనువాదపు వాసన లేని వార్తా రచన మీద పడిన ముద్ర ఒక తరం ఉపసంపాదకుల్లో కనిపిస్తుంది. 'ఆంధ్రజ్యోతి', 2008లో వచ్చిన 'సాక్షి' కూడా ఇదే దారిలో సొంత పాఠశాలలు నడిపాయి. విశ్వవిద్యాలయం ఇచ్చే రెండేళ్ల పట్టా కన్న పత్రిక ఇచ్చే కొద్ది నెలల శిక్షణ ఉద్యోగానికి దగ్గరి దారి అయిన తరవాత, పత్రికల చరిత్ర, చట్టాలు, నీతి, పరిశోధన వంటి విశ్వవిద్యాలయపు బలాలు చాలామంది పత్రికా రచయితల చదువులోంచి జారిపోయాయి. పాఠశాల యజమానిదే అయినప్పుడు యజమానిని ప్రశ్నించే పాఠం అందులో ఎంత ఉంటుందన్న సందేహం సహజం. ఆ సందేహానికి గట్టి పరీక్ష 1992లో ఎదురైంది.

నెల్లూరు జిల్లాలో 1991లో 'అక్షర దీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రిపూట నడిపే కేంద్రాలకు పొలం పని ముగించుకుని వచ్చే స్త్రీలే ఎక్కువ. వారి వాచకంలోని పాఠాల్లో ఒకటి 'సీతమ్మ కథ', తాగుడు వల్ల చితికిన సంసారం గురించినది. ప్రభుత్వమే 1986 నుంచి 'వారుణి వాహిని' పథకం కింద ప్యాకెట్లలో సారా సరఫరా చేయిస్తూ, ఏటేటా వేలం పాటల ద్వారా రాబడి పొందుతున్న రోజులవి. కలిగిరి మండలం తూర్పు దూబగుంటలో స్త్రీలు ఆ చర్చను అక్షరాల దగ్గర ఆపలేదు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచి నడిపించగా ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ వార్తను అక్షరాస్యతా ఉద్యమకారులు తిరిగి పాఠంగా మార్చి, తొలి దశ చదువు ముగించినవారి కోసం తయారైన 'చదువు వెలుగు' వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న శీర్షికతో చేర్చారు. జిల్లా అంతటా రాత్రి బడుల్లో ఆ పాఠం చదివిన స్త్రీలు తమ తమ ఊళ్లలో దుకాణాల ముందు బైఠాయించారు. వేలం పాటలు జరగనివ్వలేదు. అధికారులు వాటిని పలుమార్లు వాయిదా వేయవలసి వచ్చింది.

అభివృద్ధి ప్రసార సిద్ధాంతం ఊహించిన ప్రవాహం ఇక్కడ తలకిందులైంది. పై నుంచి వచ్చినది అక్షరం మాత్రమే. సందేశం దూబగుంట నుంచి పుట్టి, వాచకంలోకి ఎక్కి, కలిగిరి, జలదంకి వంటి మండలాల విలేకరుల కవర్ల ద్వారా జిల్లా పుటలకు చేరి, అక్కడి నుంచి రాష్ట్ర రాజధానికి పోయింది. మూడేళ్ల కిందట జిల్లా పత్రికలు ఏర్పడి ఉండకపోతే ఇన్ని ఊళ్ల పేర్లు, ఇన్ని చిన్న ధర్నాలు రోజు వారీగా అచ్చు మొహం చూసేవి కావు. మద్రాసు, విజయవాడ కేంద్రాలుగా పత్రికలు నడిచిన రోజుల్లో పల్లెటూరి ఆడవారు సారా కొట్టు మూయించడం ఒకటి రెండు వాక్యాల వార్త. 'ఈనాడు' 'సారాపై సమరం' పేరుతో రోజూ ప్రత్యేక పుట కేటాయించింది. 1992 నవంబరులోనే కంచ ఐలయ్య 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఈ ఉద్యమం మీద వ్యాసం రాయగా, ఆ తరవాత స్త్రీవాదులు, అర్థశాస్త్రవేత్తలు, ప్రసార శాస్త్ర పరిశోధకులు వరుసగా నెల్లూరు మెట్ట దారి పట్టారు.

ఆ పుటను కీర్తించి ఊరుకోవడం పత్రికావిద్య చేయదగిన పని కాదు. ఉద్యమం ఊపందుకునేనాటికి ముఖ్యమంత్రి ఇదే జిల్లాకు చెందిన నేదురుమల్లి జనార్దనరెడ్డి; 'ఈనాడు' సానుభూతి ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం వైపు అన్నది ఆనాడు బహిరంగ రహస్యం. జరిగినదాన్ని చెప్పే వార్తకూ, జరగాలని కోరుకుని నడిపే ప్రచారానికీ మధ్య గీత ఎక్కడన్నది ప్రపంచమంతటా జర్నలిజం తరగతుల్లో చర్చించే ప్రశ్న. దానికి ఇంతకన్న మంచి తెలుగు ఉదాహరణ దొరకదు. రాజకీయ ప్రయోజనం ఉన్నంత మాత్రాన స్త్రీల కష్టం అబద్ధం కాదు, స్త్రీల కష్టం నిజమైనంత మాత్రాన పత్రిక నిష్పక్షపాతి అయిపోదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎన్నికల్లో గెలిచిన తెలుగుదేశం ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో అదే పార్టీ ప్రభుత్వం దానిని సడలించినప్పుడు, సారా మీద సమరానికి రోజూ పుట కేటాయించిన స్థాయిలో ఆ సడలింపు మీద సమరం సాగలేదు. రోశమ్మ 2016లో మరణించారు.

ఇటువంటి విషయాలను తెలుగులో చదివే అవకాశం విశ్వవిద్యాలయాల్లో 1985 తరవాత కలిగింది. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాదులో ఏర్పడి, పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం జర్నలిజాన్ని తెలుగు మాధ్యమంలో బోధించింది. దూరవిద్య ద్వారా ఉద్యోగం చేసుకుంటూ చదివే వీలు కూడా కల్పించింది గనక జిల్లాల్లో పనిచేసే విలేకరులకు మొదటిసారి పట్టా అందింది. పత్రికా భాషకు నిఘంటువు ప్రచురించినదీ ఈ సంస్థే. రాపోలు ఆనందభాస్కర్ రచించిన 'జర్నలిజం: చరిత్ర - వ్యవస్థ' వంటి తెలుగు పాఠ్యగ్రంథాలు ఆ అవసరంలోంచి వచ్చాయి. నెల్లూరుకు దగ్గరలో, 1983లో తిరుపతిలో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఏర్పడడం మరో ముఖ్యమైన మలుపు: దూబగుంట స్త్రీల ఉద్యమాన్ని వార్తగా రాసినవారు దాదాపు అందరూ పురుషులే అయిన చోట, ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావడానికి కుటుంబాలు ఒప్పుకునే దారి అది. 1996లో ప్రభుత్వం నెలకొల్పిన ప్రెస్ అకాడమీ పట్టాలివ్వకుండా, మండల విలేకరులకు కొద్ది రోజుల పునశ్చరణ తరగతులు నడిపింది. పాత పత్రికల సంచికలను కంప్యూటరు ప్రతులుగా మార్చి భద్రపరచింది. ఆ భాండారంలో 'జమీన్ రైతు' సంపుటాలకు చోటు దక్కింది. విభజన తరవాత ఆంధ్రప్రదేశ్‌లోని అకాడమీకి 'విశాలాంధ్ర' సంపాదకుడు సి.రాఘవాచారి పేరు పెట్టారు.

చదువు ఉంటేనే విలేకరి కావాలన్న నిబంధన మాత్రం ఏనాడూ రాలేదు. 1952-54 నడుమ పనిచేసిన మొదటి ప్రెస్ కమిషన్ సిఫారసుల వెంట వచ్చిన 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికా రచననే ముఖ్య వ్యాసంగంగా పెట్టుకున్నవారికి జీతభత్యాల రక్షణ కల్పించింది గాని విద్యార్హత పెట్టలేదు. మరో పని చేసుకుంటూ వార్తలు పంపే మండల విలేకరుల్లో ఎక్కువమంది ఆ నిర్వచనం బయటనే మిగిలారు. 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు మార్కండేయ కట్జూ కనీస విద్యార్హత నిర్ణయించడానికి ఒక సంఘాన్ని నియమించినప్పుడు, భావప్రకటన హక్కుకు పట్టా అడ్డుగోడ కారాదని కొందరూ, అర్హత లేనిదే వృత్తికి గౌరవం లేదని కొందరూ వాదించారు; ఆ ప్రతిపాదన ఆచరణకు రాలేదు. జీతమే లేని పనికి అర్హత ఏమని నిర్ణయిస్తారన్న ప్రశ్న ఆ వాదోపవాదాల్లో పెద్దగా వినిపించలేదు.

2014లో రాష్ట్రం రెండుగా చీలినప్పుడు ఉస్మానియా, తెలుగు విశ్వవిద్యాలయం రెండూ తెలంగాణలో మిగిలాయి. పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షను ఉన్నత విద్యా సంస్థల్లో అప్పటి ప్రవేశ కోటాలను పదేళ్లకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్‌తో ముగిసింది. మరుసటి ఏడాది తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి పొట్టి శ్రీరాములు పేరు తీసి, 'గోలకొండ పత్రిక' సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. నెల్లూరు జిల్లా కళాశాలలు 1954 నుంచి తిరుపతి విశ్వవిద్యాలయం కింద ఉండి, 2008లో జిల్లాలోనే ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కిందికి మారినా, పత్రికావిద్య కోసం జలదంకి విద్యార్థి నేటికీ తిరుపతి, గుంటూరు, విశాఖపట్నం, అనంతపురం వైపు చూడవలసి ఉన్నది. దక్షిణాదిన తెలుగువారికి ఆ చదువు మొదట చెప్పిన రెండు నగరాలూ, మద్రాసూ హైదరాబాదూ, ఇప్పుడు పొరుగు రాష్ట్రాల రాజధానులు. జలదంకి డేట్‌లైనుతో వార్త మాత్రం రోజూ వస్తున్నది; బస్సు కండక్టరుకు ఇచ్చే కవరు స్థానంలో సెల్‌ఫోను వచ్చింది, లైనేజి పద్ధతి పెద్దగా మారలేదు.